ప్రశ్నించే సభ

పాఠ్యభాగ ఉద్దేశం: ప్రభుత్వ యంత్రాంగం ప్రజాప్రతినిధులకు, వారి ద్వారా ప్రజలకు జవాబుదారీగా ఉండవలసిన ఆవశ్యకతను, అందులో పార్లమెంటు సంఘాల పాత్రను విద్యార్థులకు తెలియజేయడం.

మహాభారతం సభాపర్వంలో ఒక చక్కని ఘట్టం ఉంది. మయుడు నిర్మించిన సభలో ధర్మరాజు కొలువుతీరి ఉండగా నారద మహర్షి వస్తాడు. అర్ఘ్యపాద్యాలు స్వీకరించి, ఆశీర్వదించి వెళ్లిపోలేదు ఆ ముని. రాజును ప్రశ్నించడం మొదలుపెట్టాడు. యోగ్యులైన వారినే కొలువులో నియమించావా? భృత్యులకు జీతాలు సకాలంలో అందుతున్నాయా? నీ కోసం ప్రాణాలర్పించిన వారి కుటుంబాలను పోషిస్తున్నావా? కేవలం వానమీద ఆధారపడకుండా సేద్యం సాగడానికి చెరువులు నిండుగా ఉన్నాయా? దిక్కులేని వారికి, అంగవికలురకు తండ్రివలె అండగా ఉన్నావా? ఇలా సాగుతుంది ఆ ప్రశ్నల పరంపర. ధర్మరాజు కోపగించలేదు, తన సభలో తననే నిలదీస్తున్నాడని చిన్నబుచ్చుకోలేదు. వినయంతో విన్నాడు. పదకొండవ శతాబ్దంలో నన్నయ ఈ ఘట్టాన్ని తెలుగు చేసిన నాటినుండి దీనిని మనం రాజనీతి పాఠంగా చదువుకుంటూనే ఉన్నాం.

నేడు రాజులు లేరు, రాచకొలువులు లేవు. కాని పాలన ఉంది, పాలనను నడిపే ఉద్యోగులున్నారు. మరి నారదుని స్థానంలో నిలిచి ప్రశ్నలడిగేవారెవరు? ఐదేళ్లకొకసారి ఓటువేసే పౌరుడే అని కొందరంటారు. అది నిజమే గాని పూర్తి నిజం కాదు. ఓటు ఒక తీర్పు. తీర్పు చెప్పడానికి ముందు విచారణ జరగాలి కదా! ఆ విచారణ నిత్యం జరిగే చోటు ఒకటుంది. అదే పార్లమెంటు స్థాయీ సంఘం.

పార్లమెంటు అనగానే మనకు దూరదర్శన్‌లో కనిపించే కేకలు, నినాదాలు, వాయిదాలు గుర్తుకు వస్తాయి. ఆ సభామందిరానికి వెలుపల, కెమెరాలు లేని గదులలో, వివిధ పక్షాల సభ్యులు ఒకే బల్లచుట్టూ కూర్చుండి కాగితాలు తిరగవేస్తారన్న సంగతి చాలామందికి తెలియదు. శాఖలవారీగా ఇటువంటి సంఘాలను పూర్తిస్థాయిలో ఏర్పాటు చేసింది 1993లో. అప్పుడవి పదిహేడు. 2004లో వాటి సంఖ్యను ఇరవైనాలుగుకు పెంచారు. ఒక్కొక్క సంఘంలో 31 మంది సభ్యులు ఉంటారు. వారిలో 21 మంది లోక్‌సభకు, 10 మంది రాజ్యసభకు చెందినవారు. మంత్రులకు వీటిలో సభ్యత్వం లేదు. ప్రశ్నించేవారు, సమాధానం చెప్పవలసినవారు ఒక్కరే కాకూడదన్నదే ఈ నియమంలోని ఆంతర్యం.

ఆ ఇరవైనాలుగింటిలో సిబ్బంది, ప్రజా ఫిర్యాదులు, న్యాయ వ్యవహారాల స్థాయీ సంఘం ఒకటి. ఐ.ఏ.ఎస్. వంటి అఖిలభారత సర్వీసుల నియామకాలు, శిక్షణ, క్రమశిక్షణ, విశ్రాంత ఉద్యోగుల పింఛన్లు, పౌరుల ఫిర్యాదులు దీని పరిశీలన కిందికి వస్తాయి. న్యాయస్థానాల పరిపాలన, ఎన్నికల చట్టాలు, రాజ్యాంగంతో ముడిపడిన అనేక విషయాలు కూడా దీని ముందుకే వస్తాయి. అంటే ప్రభుత్వోద్యోగి, పౌరుడు, రాజ్యాంగం అనే మూడూ కలిసే కూడలి ఇది.

ఈ సంఘం పనితీరు నిరాడంబరమైనది. శాఖల కార్యదర్శులను పిలిపించి వివరణ అడుగుతుంది. వారి పద్దులను పరిశీలిస్తుంది. తన ముందుకు వచ్చిన బిల్లులోని ప్రతి నిబంధనను చదువుతుంది. నిపుణులనుండి, సంస్థలనుండి, సామాన్య పౌరులనుండి అభిప్రాయాలు స్వీకరించి ఉభయ సభలకు నివేదిక సమర్పిస్తుంది. సమావేశాలు రహస్యంగా జరుగుతాయి. ఆ రహస్యంలోనూ ఒక మేలుంది. చూసేవారు లేనప్పుడు పార్టీ కోసం గొంతు పెంచవలసిన అవసరం సభ్యునికి తగ్గుతుంది. ఎదుటివారి మాటలోని సబబును అంగీకరించడం తేలికవుతుంది.

ఇటువంటి సంఘం వల్ల దేశానికి ఒరిగేదేమిటి? ఒక్క ఉదాహరణ చాలు. 2004 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం సమాచార హక్కు బిల్లును లోక్‌సభలో ప్రవేశపెట్టింది. అంతకుముందు 2002లో చేసిన సమాచార స్వేచ్ఛా చట్టం అమలులోకి రాకుండానే మిగిలిపోయింది. కొత్త బిల్లు మంచిదే గాని, అది కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకే పరిమితమైంది. మనలో ఎక్కువమందికి నిత్యం పనిపడేది మండల కార్యాలయంతో, పురపాలక సంఘంతో, జిల్లా విద్యాశాఖతో. ఇవన్నీ రాష్ట్రాల పరిధిలోనివి. కొన్ని రాష్ట్రాలు అప్పటికే సొంత చట్టాలు చేసుకున్నా, ఆంధ్రప్రదేశ్‌కు అటువంటి చట్టం లేదు.

ఆ బిల్లు ఈ స్థాయీ సంఘానికి వెళ్లింది. అప్పటి అధ్యక్షుడు ఇ.ఎం. సుదర్శన నాచియప్పన్. సంఘం పౌర ఉద్యమాల ప్రతినిధుల వాదనలు విన్నది. 2005 మార్చిలో నివేదిక ఇచ్చింది. చట్టం రాష్ట్రాలకు కూడా వర్తించాలన్నది అందులోని ముఖ్యమైన సిఫార్సు. సమాచార కమిషనర్లు స్వతంత్రంగా వ్యవహరించాలంటే వారికి ఎన్నికల కమిషన్‌తో సమానమైన హోదా ఉండాలన్నది మరొకటి. ప్రభుత్వం ఈ రెండింటి సారాన్నీ స్వీకరించింది. మే నెలలో ఉభయ సభలు ఆమోదించిన చట్టం 2005 అక్టోబరు 12 నుండి పూర్తిగా అమలులోకి వచ్చింది. ఈ ఘనత ఒక్క సంఘానిదే అనడం న్యాయం కాదు. రాజస్థాన్ పల్లెల్లో కూలి లెక్కలు చూపమని అడిగిన శ్రమజీవుల పోరాటం దీనికి పునాది. ఆ పోరాటపు ఆకాంక్ష చట్టంలోని అక్షరంగా మారే దారిలో ఈ సంఘం ఒక వంతెన అయింది.

ఆ వంతెన విలువ నాకు అనుభవంలో తెలిసింది. కొన్నేళ్ల క్రితం ఒక వృద్ధురాలు నా వద్దకు వచ్చింది. ఆమె భర్త ఒక రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయంలో అటెండరుగా పనిచేసి మరణించాడు. కుటుంబ పింఛను కోసం ఆమె రెండేళ్లుగా తిరుగుతోంది. వెళ్లిన ప్రతిసారీ ‘ఫైలు పైకి వెళ్లింది’ అన్న మాటే సమాధానం. ఆమె పేర నేనొక అర్జీ రాశాను. ఫైలు ఏ తేదీన ఎవరి వద్దకు చేరింది, ఎక్కడ, ఎందుకు ఆగింది అన్న ప్రశ్నలు తప్ప అందులో మరేమీ లేవు. రుసుము పది రూపాయలు. చట్టం విధించిన ముప్పై రోజుల గడువు లోపలే జవాబు వచ్చింది. ఒక ధ్రువపత్రం జతపరచలేదట! ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. “మాస్టారూ, కాగితం ఒకటి తక్కువైందని ముందే చెబితే ఏనాడో తెచ్చి ఇచ్చేదాన్ని గదా!” అన్నదామె. ఆ మాటలో కోపంకన్న ఆశ్చర్యమే ఎక్కువ. పత్రం ఇచ్చింది, పింఛను మంజూరైంది. ఆ చట్టం 2004 నాటి బిల్లు రూపంలోనే మిగిలి ఉంటే, ఆమె అర్జీకి ఆ కార్యాలయం జవాబు చెప్పవలసిన పని ఉండేది కాదు. ఢిల్లీలోని ఒక గదిలో జరిగిన చర్చకు, ఒక ముసలి తల్లి చేతికందిన పింఛనుకు ఉన్న సంబంధం ఇది.

అయితే ఈ కథకు ఉత్తరభాగం ఉంది. 2019 జూలై 19న అదే చట్టానికి సవరణ బిల్లు వచ్చింది. దానిని 22న లోక్‌సభ, 25న రాజ్యసభ ఆమోదించాయి. సంఘం పరిశీలనకు పంపాలన్న ప్రతిపక్షాల కోరిక నెరవేరలేదు. అంతవరకు కమిషనర్ల పదవీకాలం ఐదేళ్లుగా, వేతనాలు ఎన్నికల కమిషన్‌తో సమానంగా చట్టంలోనే స్థిరపడి ఉండేవి. సవరణ తరువాత వాటిని నిర్ణయించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి దక్కింది. ఆ ఏడాదే చేసిన నియమాలు పదవీకాలాన్ని మూడేళ్లుగా నిర్ణయించాయి. ఎన్నికల కమిషన్ రాజ్యాంగబద్ధ సంస్థ, సమాచార కమిషన్ చట్టం ద్వారా ఏర్పడినది, కనుక రెండింటికీ సమాన హోదా తగదని ప్రభుత్వం వాదించింది. ఆ వాదన తప్పో ఒప్పో నేనిక్కడ తేల్చబోవడం లేదు. మూడు నెలల పరిశీలనతో కట్టిన దానిని వారం లోపల మార్చవచ్చునా అన్నదే నా ప్రశ్న.

ఇది ఒక్క చట్టానికి సంబంధించిన విషయం కాదు. 2009 నుండి 2014 వరకు సాగిన పదిహేనవ లోక్‌సభ కాలంలో నూటికి 71 బిల్లులు సంఘాల పరిశీలనకు వెళ్లాయి. 2019 నుండి 2024 వరకు సాగిన పదిహేడవ లోక్‌సభ కాలంలో అవి నూటికి 16 మాత్రమే. ఏ పక్షం అధికారంలో ఉన్నదన్నది ఇక్కడ ముఖ్యం కాదు. పరిశీలన లేని తొందర అలవాటుగా మారితే, రేపు వచ్చే పక్షానికి కూడా ఆ అలవాటు హాయిగానే ఉంటుంది.

సంఘాలపై విమర్శలు లేకపోలేదు. అవి కాలయాపనకు సాధనాలని కొందరంటారు. కాని తొందరపాటు చట్టంలోని లోపం వల్ల పౌరుడు న్యాయస్థానాల చుట్టూ తిరిగే ఏళ్లతో పోలిస్తే, ముందుగా వెచ్చించే మూడు నెలలు ఎక్కువ కావు. సిఫార్సులను ప్రభుత్వం పాటించి తీరవలసిన నిర్బంధం లేదని మరికొందరంటారు. అది వాస్తవమే. నారదుని ప్రశ్నలకూ నిర్బంధం లేదు. వినే మనసును బట్టే వాటికి విలువ వచ్చింది.

సంఘాలు ఎల్లప్పుడూ పౌరుని పక్షాన నిలుస్తాయా అన్నది అన్నింటికన్న గట్టి విమర్శ. 2013లో కేంద్ర సమాచార కమిషన్ ఆరు జాతీయ పార్టీలు సమాచార హక్కు పరిధిలోకి వస్తాయని తీర్పు చెప్పింది. పార్టీలను ఆ పరిధినుండి తప్పించడానికి ప్రభుత్వం బిల్లు తెచ్చింది. ఎనిమిదేళ్ల క్రితం ఆ హక్కును విస్తరింపజేసిన ఇదే సంఘం ఈసారి ఆ బిల్లును సమర్థించింది. లోక్‌సభ రద్దుతో అది చివరకు మురిగిపోయింది. తమదాకా వచ్చేసరికి ప్రశ్న ఎంత చేదుగా ఉంటుందో ఈ ఉదంతం చెబుతుంది. అయినా సంఘం ఏమన్నదో, ఎందుకన్నదో నివేదికలో నమోదై ఉన్నది కనుకనే మనం ఈనాడు దానిని విమర్శించగలుగుతున్నాం. నమోదైన తప్పును దిద్దుకోవచ్చు. చర్చే జరగని నిర్ణయంలో తప్పు ఎక్కడుందో వెతకడం కష్టం.

కాబట్టి నేను కోరేవి రెండు. పౌరుల హక్కులను, రాజ్యాంగ వ్యవస్థల స్వతంత్రతను మార్చే ప్రతి బిల్లు తప్పనిసరిగా సంఘ పరిశీలనకు వెళ్లాలి. సంఘం చేసిన సిఫార్సును తిరస్కరించినప్పుడు, అందుకు కారణాన్ని ప్రభుత్వం బిల్లుపై ఓటింగు జరగకముందే సభకు లిఖితపూర్వకంగా తెలపాలి. ఈ రెండు నియమాలకు పెద్ద ఖర్చు లేదు. కావలసింది ప్రశ్నను సహించే ఓర్పు.

విద్యార్థులకు ఇందులో ఏమి పని అని మీరనుకోవచ్చు. లోక్‌సభకు పోటీచేయడానికి ఉండవలసిన కనీస వయస్సును 25 నుండి 18 ఏళ్లకు తగ్గించాలని 2023 ఆగస్టులో సిఫార్సు చేసింది కూడా ఈ సంఘమే. అది ఇంకా చట్టం కాలేదు. ఓటుహక్కు వయస్సు 1989లో 21 నుండి 18కి దిగింది. ఇదీ ఏనాడో ఒకనాడు దిగవచ్చు. అప్పుడు మీలో కొందరు ఆ బల్లచుట్టూ ప్రశ్నించే స్థానంలో కూర్చుంటారు. మరికొందరు సివిల్ సర్వీసు పరీక్షలు నెగ్గి, అదే బల్లకు ఎదురుగా సమాధానం చెప్పే స్థానంలో కూర్చుంటారు. మొదటి స్థానానికి నారదుని నిర్భయత్వం కావాలి, రెండవ దానికి ధర్మరాజు వినయం కావాలి. ఎక్కడ కూర్చున్నా, కాగితం ఒకటి తక్కువైన సంగతి తెలియక రెండేళ్లు తిరిగిన ఆ వృద్ధురాలిని మాత్రం మరచిపోకండి.

అభ్యాసం

1. ధర్మరాజును నారదుడు ఏయే విషయాలు ప్రశ్నించాడు? నేటి పాలనకు అవి ఎట్లు వర్తిస్తాయో వివరించండి.
2. సమాచార హక్కు చట్టం రూపొందడంలో స్థాయీ సంఘం నిర్వహించిన పాత్రను తెలపండి.
3. పార్లమెంటు సంఘాలపై గల విమర్శలేవి? వాటికి రచయిత ఇచ్చిన సమాధానాలతో మీరు ఏకీభవిస్తారా?