పంట కాలువపై సోలార్ ప్యానెళ్లు: నీటి వినియోగదారుల సంఘం సర్వసభ్య సమావేశం తీర్మానం

గోదావరి పశ్చిమ డెల్టాలో, భీమవరం పరిసరాల ఆయకట్టుకు చెందిన మా నీటి వినియోగదారుల సంఘం సర్వసభ్య సమావేశం సంఘ అధ్యక్షుల అధ్యక్షతన జరిగింది. ప్రాదేశిక నియోజకవర్గ సభ్యులు, ఆయకట్టు రైతులు, కౌలు రైతులు, రొయ్యల చెరువుల రైతులు, కాలువ లస్కర్లు హాజరయ్యారు. మా పంట కాలువపై, వంతెన దగ్గర నుంచి లాకుల వరకు తిన్నగా సాగే భాగంలో సోలార్ ప్యానెళ్లు అమర్చమని ప్రభుత్వాన్ని కోరాలన్నది చర్చకు వచ్చిన ప్రధానాంశం. సాయంత్రం దీపాలు పెట్టే వేళ దాటేవరకూ చర్చ సాగిన మీదట ఈ దిగువ తీర్మానాన్ని ఆమోదించడమైనది.

1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన నాటి నుంచి ఈ డెల్టాలో నేల అంటే నీరు, నీరు అంటే నేల. వరి చేను కానిదీ, రొయ్యల చెరువు కానిదీ, కొబ్బరి తోట కానిదీ అయిన జాగా మా దగ్గర వెతికినా దొరకదు. ఒక మెగావాట్ సోలార్ కేంద్రాన్ని నేల మీద పెట్టాలంటే నాలుగైదు ఎకరాలు కావాలి. ఆ నాలుగైదు ఎకరాలు ఏ రైతు నోటి దగ్గరి కూడో తియ్యకుండా రావు. కాలువ మాత్రం ప్రభుత్వ ఆస్తి. దాని మీద పడే ఎండ ఇన్నాళ్లూ ఎవరికీ పనికి రాలేదు. నేల అడగకుండా కరెంటు తీసే దారి ఇది గనుక సంఘం ఈ ఆలోచనను మనస్ఫూర్తిగా స్వాగతిస్తోంది.

ఇది కొత్త ప్రయోగమేమీ కాదు. గుజరాత్‌లో మెహసానా జిల్లా చంద్రాసన్ దగ్గర నర్మదా కాలువ శాఖపై సుమారు 750 మీటర్ల పొడవున ఒక మెగావాట్ కేంద్రం 2012 ఏప్రిల్‌లో ప్రారంభమైంది. 2015 జనవరిలో వడోదర దగ్గర మూడున్నర కిలోమీటర్లకు పైగా కాలువను కప్పుతూ 10 మెగావాట్ల కేంద్రం వచ్చింది. అంత దూరం వెళ్లనక్కరలేదు, మా పక్కనే భీమవరం మండలం గొల్లవానితిప్ప వద్ద లోసరి ప్రధాన కాలువపై ఒక మెగావాట్ కేంద్రం ఉంది. మన కాలువ, మన మట్టి, మన ఉప్పుగాలి మధ్య ప్యానెళ్లు ఎలా నిలుస్తాయో చెప్పగలిగేది అదే. కాబట్టి ఆ కేంద్రం ఏటా ఎన్ని యూనిట్లు ఇచ్చింది, ఇనుప చట్రం నిర్వహణకు ఎంతయింది, కింద పూడిక తీయడం ఎలా జరిగింది అన్న వివరాలన్నీ ఆయకట్టు రైతుల ముందు పెట్టాలని సంబంధిత శాఖలను కోరుతూ తీర్మానించడమైనది. గుజరాత్ లెక్కల కంటే గొల్లవానితిప్ప లెక్క మాకు నూరు రెట్లు విలువైనది.

నీటి ఆదా గురించి సంఘం ఒక మాట దాపరికం లేకుండా చెప్పదలచింది. చంద్రాసన్ కేంద్రం వల్ల ఏటా 90 లక్షల లీటర్ల నీరు ఆవిరి కాకుండా మిగులుతుందని అంచనా. వినడానికి పెద్ద అంకె. మా పొలం లెక్కలోకి మార్చి చూస్తే అది 9 వేల ఘనపు మీటర్లు, అంటే ఒక క్యూసెక్కు నీరు నాలుగు రోజులు కూడా పారదు. పంట కాలానికి నాలుగడుగుల నీరు తాగే వరి చేనైతే రెండెకరాలకు కాస్త తక్కువే. పైగా ఎండా, వడగాలీ మన కంటే ఎక్కువున్న చోట లెక్క అది. కనుక ప్యానెళ్లు కప్పితే శివారు భూములకు నీళ్లొచ్చేస్తాయని ఎవరూ చెప్పవద్దు, మేము నమ్మము. దాళ్వా (రబీ)లో సీలేరు నుంచి వచ్చే నీటిని చుక్క చుక్క లెక్కపెట్టుకునే రైతుకు రెండెకరాల నీరు కూడా చేదు కాదు. అయినా మా కాలువలో అసలు నష్టం ఆవిరి కాదు. నీళ్లు పోయేది గట్లలోంచి ఊటగా, తుప్పుపట్టిన తూము షట్టర్ల కిందుగా, ఏటా అదే చోట పడే గండ్లలోంచి. గుర్రపుడెక్క అడ్డం పడి పై రైతుల చేలు మునుగుతుంటే కింద రైతుల చేలు ఎండుతాయి.

ఆ గుర్రపుడెక్క సంగతి సమావేశంలో లస్కరు ఒకరు నిలబడి చెప్పారు. తెల్లవారుజామున కొక్కెం కట్టిన గడకర్ర భుజాన వేసుకుని తూము దగ్గరకు పోతే, రాత్రికి రాత్రి కొట్టుకొచ్చిన డెక్క తూము నోటికి చాప పరిచినట్టు పేరుకుని ఉంటుందనీ, మొదట గట్టు మీదికి లాగిన మోపు ఎండేలోపు మళ్లీ మోపు వచ్చి నిలుస్తుందనీ, పదిన్నరకి ఎండ ఎక్కేదాకా అదే పని అనీ చెప్పారు. ఎండ తగలని నీటిలో నాచు, డెక్క పెరగడం తగ్గుతుంది గనుక ప్యానెళ్ల నీడ ఇక్కడ మాకు నిజంగా ఉపకారం చేస్తుంది. కానీ పై నుంచి కొట్టుకొచ్చే డెక్కను నీడ ఆపలేదు. కాలువ మధ్యలో ఒక్క స్తంభం పాతినా డెక్క అంతా దాన్నే పట్టుకుని గోడ కడుతుంది.

అందుచేత కాలువ గర్భంలో ఎక్కడా స్తంభం వేయరాదనీ, చట్రం బరువంతా రెండు గట్ల మీదే నిలవాలనీ తీర్మానించడమైనది. మా గట్లు నల్ల బంకమట్టి గట్లు. వేసవిలో చెయ్యి దూరేంత బీటలు వారతాయి, వానకు మళ్లీ ఉబ్బుతాయి. మట్టి పరీక్ష చేయకుండా, పునాది లోతు తేల్చకుండా పని మొదలుపెడితే మొదటి తుఫానుకే గండి పడుతుంది. ఒక గట్టు మీద బండి బాట పూర్తిగా వదిలిపెట్టాలి. పొక్లెయిన్ నిలబడి బూమ్ తిప్పుకోగలిగేంత ఖాళీని విడతలు విడతలుగా ఉంచాలి, లేకుంటే ఆ ప్యానెళ్ల కింద పూడిక ఎప్పటికీ తీయలేము. ప్రతి తూము దగ్గర, వంతెనల దగ్గర, గేదెలు దిగే రేవు దగ్గర, ఆడవాళ్లు బట్టలు ఉతుక్కునే రేవు దగ్గర పైకప్పు ఉండరాదు.

పెద్ద రైతు ఒకరు తన అభ్యంతరాన్ని ప్రత్యేకంగా నమోదు చేయమన్నారు, నమోదు చేయడమైనది. వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఊళ్లలోని మంచినీటి చెరువులు నింపేది ఈ కాలువ నీటితోనే. ఎండ తగలకుండా పారిన నీరు తాగడానికి పనికొస్తుందా అన్నది ఆయన ప్రశ్న. పారే నీరు కొద్ది దూరం నీడలో నడిచినంత మాత్రాన చెడిపోదని పలువురు సభ్యులు అభిప్రాయపడ్డారు. అయినా తాగే నీటి విషయంలో అభిప్రాయాలతో సరిపెట్టుకోవడం తగదు. ప్యానెళ్లు పెట్టక ముందూ, పెట్టాకా, నీడ మొదలయ్యే చోటా, ముగిసే చోటా నీటి నమూనాలు తీసి పరీక్షించి ఫలితాలను పంచాయతీ బోర్డు మీద అంటించాలని తీర్మానించడమైనది. ప్యానెళ్ల దుమ్ము కడిగేటప్పుడు సబ్బుగానీ, రసాయనంగానీ వాడరాదు. ఆ నీరు దిగేది మా మంచినీటి చెరువులోకే.

ఇక కరెంటు. గుజరాత్ ఒక మెగావాట్ కేంద్రం ఏటా 16 లక్షల యూనిట్ల వరకు ఇస్తుందని అంచనా వేశారు. ప్యానెల్ వేడెక్కే కొద్దీ డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున ఉత్పత్తి పడిపోతుంది గనుక, కింద పారే నీటి చల్లదనం కొంత కలిసొస్తుంది. రొయ్యల రైతులు ఈ కరెంటుతో తమ ఏరేటర్లు నడుస్తాయని ఆశపడ్డారు. వారి కష్టం సంఘానికి తెలుసు. తెల్లవారబోయే ముందు చెరువులో ఆక్సిజన్ పడిపోతే రొయ్య నీటిపైకి తేలుతుంది. ఆ ఒక్క గంట కరెంటు పోతే పంటంతా పోతుంది. కానీ సోలార్ కరెంటు వచ్చేది పగలు, ఏరేటర్‌కు గండం అర్ధరాత్రి దాటాక. గ్రిడ్‌కు పగలు ఇచ్చిన యూనిట్లు రాత్రి వాడకంలో మినహాయించే ఏర్పాటు ఉంటే తప్ప వారికి నేరుగా మేలు జరగదు. ఆ ఏర్పాటును విద్యుత్ పంపిణీ సంస్థ పరిశీలించాలి.

పగటి కరెంటుకు సరిగ్గా అతికే అవసరం ఒకటి మా దగ్గర ఉంది. దాళ్వాలో వంతు నీరు అందక, శివారు రైతు మురుగు కాలువకు అడ్డుకట్ట వేసుకుని ఆయిల్ ఇంజన్ పెట్టి తోడుకుంటాడు. డీజిల్ డబ్బాతో సైకిల్ మీద గట్టు వెంట పోయే మనిషి మా ఊళ్లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎవరికైనా కనిపిస్తాడు. నీటి తీరువా అందరితో సమానంగా కట్టి, ఆపైన డీజిల్ ఖర్చు కూడా భరించేది అతనొక్కడే. కాలువపై పుట్టే కరెంటులో మొదటి వాటా శివారు తూముల దగ్గర పెట్టే ఎత్తిపోత మోటార్లకు కేటాయించాలని, అది పోగా మిగిలినదే గ్రిడ్‌కు పోవాలని తీర్మానించడమైనది. ఈ తీర్మానంలో సంఘం అన్నిటి కంటే ముఖ్యంగా భావిస్తున్నది ఈ అంశాన్నే.

ఆదాయం ఎవరిది అన్న ప్రశ్న మీద ఎక్కువసేపు చర్చ జరిగింది. 1997 సాగునీటి వ్యవస్థల రైతుల నిర్వహణ చట్టం కాలువ నిర్వహణ బాధ్యతను మా భుజాన పెట్టింది. ఆ బాధ్యతకు తగిన రాబడి మాత్రం ఏనాడూ సరిగా లేదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1887లో ఏర్పడిన టర్లాక్ ఇరిగేషన్ డిస్ట్రిక్ట్ రైతులకు నీరూ ఇస్తుంది, కరెంటూ అమ్ముతుంది. కాలువలపై ప్యానెళ్ల ప్రాజెక్టును ఆ రాష్ట్రం తన 2 కోట్ల డాలర్లతో పెట్టించింది ఆ సంస్థ కాలువల మీదే. నీరు చూసుకునే సంస్థ కరెంటు కూడా చూసుకోగలదు అనడానికి ఇంతకంటే వేరే రుజువు అక్కరలేదు. మన దేశంలోనూ 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకం ‘ఎ’ విభాగం 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల వరకు కేంద్రాలు పెట్టుకునే అర్హతను రైతులతో పాటు నీటి వినియోగదారుల సంఘాలకూ ఇచ్చింది. కాబట్టి మా కాలువపై కేంద్రం ఏ పథకం కింద వచ్చినా అందులో సంఘం భాగస్వామి కావాలని, కాలువ పై భాగాన్ని వాడుకున్నందుకు రావలసిన సొమ్ము సంఘం ఖాతాకే జమ కావాలని, ఆ సొమ్మును షట్టర్లు, లైనింగ్, పూడికతీత పనులకు తప్ప మరి దేనికీ ఖర్చు చేయరాదని, ఏటా సర్వసభ్య సమావేశంలో ఆ జమాఖర్చులు చదివి వినిపించాలని తీర్మానించడమైనది. ప్యానెళ్లు కడిగే పని, కాపలా పని ఆయకట్టు ఊళ్ల వారికే ఇవ్వాలి.

ఖర్చు విషయం సంఘానికి తెలియనిది కాదు. వడోదరలో 10 మెగావాట్లకు సుమారు 110 కోట్ల రూపాయలైంది. కాలువకు అడ్డంగా వేసే ఇనుప చట్రం వల్ల నేల మీది కేంద్రం కంటే ఇది ఎప్పుడూ ఖరీదే. సముద్రం దగ్గరున్న మా చోట తుప్పు ఆగాలంటే మంచి గాల్వనైజింగ్ కావాలి, అదీ అదనమే. నేల కొననక్కరలేని మిగులు ఆ తేడాను ఎంత వరకు పూడుస్తుందో నిపుణులతో లెక్క కట్టించి, లెక్క కుదిరితేనే ముందుకు వెళ్లాలి. కుదరకపోతే ఆ డబ్బుతో కాలువకు లైనింగ్ చేయించమని అడగడానికి కూడా ఈ సంఘం వెనుకాడదు.

పైన చెప్పిన షరతులన్నీ చేర్చిన మీదట తీర్మానాన్ని శివారు ప్రాంత సభ్యులు ప్రతిపాదించగా, ఎగువ ప్రాంత సభ్యులు బలపరచగా, సమావేశం ఏకగ్రీవంగా ఆమోదించింది. అభ్యంతరం నమోదు చేయించిన పెద్దాయన కూడా నీటి పరీక్షల అంశం చేర్చాక చెయ్యెత్తారు. ప్రతులను జలవనరుల శాఖ, విద్యుత్ పంపిణీ సంస్థ, పునరుత్పాదక ఇంధన వనరుల అభివృద్ధి సంస్థ, జిల్లా కలెక్టర్, స్థానిక శాసనసభ్యుల వారికి పంపాలని తీర్మానించడమైనది.

గట్ల మీద సర్వే, మట్టి పరీక్ష, పునాది పని ఏదైనా సరే కాలువలు కట్టేసిన రోజుల్లోనే సాధ్యం. అవి ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారం లోపు దొరికే కొద్ది వారాలు మాత్రమే. సార్వా (ఖరీఫ్)కు నీరు వదిలాక మళ్లీ ఏడాది ఆగాలి. కనుక వచ్చే కట్టివేతకు ముందే అధికారులు మా కాలువ గట్టు మీదికి వచ్చి, ఈ చివర నుంచి ఆ చివరి దాకా మాతో నడిచి చూడవలసిందిగా ఈ సమావేశం సవినయంగా కోరుతోంది.