తప్పు హెడ్‌ఫోన్‌ది కాకపోవచ్చు

కంప్యూటర్‌కి తగిలించిన హెడ్‌ఫోన్‌లో మాట పగిలిందంటే మనవాళ్ళు ముందు వైరును అటూ ఇటూ తిప్పి చూస్తారు. ఆ తర్వాత దాన్ని సొరుగులో పడేసి కొత్తది ఆర్డర్ పెడతారు. కొత్తది వచ్చి వారం తిరక్కముందే మళ్ళీ అదే గరగర. అప్పుడిక కంపెనీని తిట్టుకుంటారు. 2020లో పిల్లల చదువులు, పెద్దల ఉద్యోగాలు ల్యాప్‌టాప్ ముందుకు చేరినప్పటి నుంచీ తెలిసినవాళ్ళు నన్ను ఎక్కువగా అడుగుతున్న కంప్యూటర్ కష్టం ఇదే. నేను చూసినంతలో చాలాసార్లు లోపం హెడ్‌ఫోన్‌లో ఉండదు. శబ్దం ఏ తీరున పాడైందో జాగ్రత్తగా వింటే, లోపం ఎక్కడుందో సగం తెలిసిపోతుంది. ఆ వినే పని మానేసి వస్తువు మార్చడం వల్ల డబ్బు పోతోంది, ఇంట్లో చెత్త పెరుగుతోంది.

అన్నిటికంటే ఎక్కువగా వినే ఫిర్యాదు బ్లూటూత్‌ది. పాట పెడితే హాయిగా ఉంటుంది. జూమ్‌లోనో టీమ్స్‌లోనో మీటింగ్ మొదలవగానే గొంతులన్నీ రేకు డబ్బాలోంచి వస్తున్నట్టు మారిపోతాయి. మీటింగ్ అయిపోగానే మళ్ళీ మామూలే. ఇంటర్నెట్ నెమ్మదిగా ఉందనుకుని రూటర్ ఆపి మళ్ళీ వేస్తారు. ఇంటర్నెట్‌కూ దీనికీ సంబంధం లేదు. మామూలు బ్లూటూత్‌లో సంగీతం వినడానికి ఒక దారి, మాట్లాడటానికి ఒక దారి వేర్వేరుగా ఉంటాయి. సంగీతం దారి ఒకవైపే నడుస్తుంది, రెండు చెవులకూ వేర్వేరుగా మంచి శబ్దాన్ని మోస్తుంది. హెడ్‌ఫోన్‌లోని మైకు తెరుచుకున్న క్షణంలో కంప్యూటర్ ఆ దారి వదిలి, కార్లలో ఫోన్ మాట్లాడుకోవడానికని తయారైన హ్యాండ్స్‌ఫ్రీ దారిలోకి మారుతుంది. అక్కడ రెండు చెవులకూ ఒకే శబ్దం. పాత పద్ధతిలో 4,000 హెర్ట్జ్ దాటిన ధ్వని ఏదీ చెవికి చేరదు. ఆ తర్వాత వచ్చిన మెరుగైన పద్ధతిలోనూ హద్దు 8,000 దగ్గరే. మనిషి చెవి 20,000 దాకా వినగలదు.

దీనివల్ల సంగీతం ఒక్కటే దెబ్బతినదు. ‘స’ అనే ధ్వని బలమంతా ముఖ్యంగా 4,000 హెర్ట్జ్‌కి పైనే ఉంటుంది. అది తెగిపోతే ‘స’కీ ఇంగ్లిష్ ‘ఎఫ్’కీ తేడా చెరిగిపోతుంది. ఫోన్‌లో స్పెల్లింగ్ చెబుతూ ‘ఎస్ ఫర్ సికింద్రాబాద్’ అని మనం నొక్కి చెప్పాల్సి వచ్చిందంటే కారణం ఇదే. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో కూర్చున్న కుర్రవాడు ప్రశ్నను రెండోసారి అడిగించుకుంటే, అవతలివాళ్ళు వాడి ఇంగ్లిష్ మీద అనుమానపడతారు. వాడి చెవిలో పడిందే సగం మాట అని ఎవరికి తెలుస్తుంది?

మందు చాలా చిన్నది. మీటింగ్ యాప్‌లో సౌండ్ సెట్టింగ్స్ తెరిచి, స్పీకర్ దగ్గర హెడ్‌ఫోన్‌నే ఉంచి, మైక్రోఫోన్ దగ్గర మాత్రం ల్యాప్‌టాప్ సొంత మైకును ఎంచుకోండి. హెడ్‌ఫోన్ మైకు తెరుచుకోదు కాబట్టి శబ్దం సంగీతం దారిలోనే ఉండిపోతుంది. గదిలో ఫ్యాను మోత కాస్త ఎక్కువ వినపడుతుందన్న మాట నిజమే. అది ఇబ్బందయితే మైకున్న మామూలు వైరు ఇయర్‌ఫోన్‌కి మించింది లేదు. వినడానికీ మాట్లాడడానికీ కలిపి మంచి శబ్దం మోసే బ్లూటూత్ ఎల్ఈ ఆడియో ప్రమాణాలు 2022లో పూర్తయ్యాయి. కానీ అటు కంప్యూటర్‌లోనూ ఇటు హెడ్‌ఫోన్‌లోనూ ఆ సదుపాయం ఉంటేనే అది పనిచేస్తుంది. కొనేముందు రెండిటికీ ఉందో లేదో అడిగి తెలుసుకోండి.

ఇక్కడ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళ మీద నాకు గట్టి ఫిర్యాదు ఉంది. విండోస్ 10లో ఒకే హెడ్‌ఫోన్ స్టీరియో అనీ హ్యాండ్స్‌ఫ్రీ అనీ రెండు పేర్లతో కనపడేది. గజిబిజిగా ఉన్నా, రెండు దారులున్నాయని కనీసం తెలిసేది. విండోస్ 11లో ఆ రెండిటినీ ఒకే పేరు కిందకి తెచ్చారు. చూడటానికి సులువైంది గానీ, నాణ్యత పడిపోయినప్పుడు ఎందుకు పడిపోయిందో తెలిసే ఆనవాలు పోయింది. ‘మైకు తెరిచినందువల్ల శబ్దం తగ్గింది’ అని తెర మీద ఒక్క వాక్యం చూపించడం అంత కష్టమా? ఆ ఒక్క వాక్యం లేక ఎంతమంది పనిచేస్తున్న హెడ్‌ఫోన్లను పారేస్తున్నారో!

వైరు హెడ్‌ఫోన్లలో నాకు ఎంతో ఆసక్తిగా అనిపించే లోపం ఒకటుంది. పాట వినిపిస్తుంది, గాయకుడు మాయం. వయొలిన్లు, కోరస్, గొంతు తాలూకు ప్రతిధ్వని మాత్రం ఉంటాయి. చాలామంది దీన్ని పాట ఫైలు లోపం అనుకుంటారు. నిజానికి ఇది పిన్ను చెప్పే కథ. 3.5 మిల్లీమీటర్ల పిన్ను కొసన ఎడమ చెవి తీగ, తర్వాతి పట్టీకి కుడి చెవి తీగ ఉంటాయి. రెండిటికీ కలిపి తిరుగుదారి ఒక్కటే, దాన్నే గ్రౌండ్ అంటారు. పిన్ను పూర్తిగా దిగకపోయినా, లోపల గ్రౌండ్ తీగ తెగినా కరెంటుకు తిరిగివెళ్ళే దారి ఉండదు. అప్పుడు ఎడమ శబ్దానికీ కుడి శబ్దానికీ మధ్య ఎంత తేడా ఉందో అంతే వినిపిస్తుంది. గాయకుడి గొంతును మామూలుగా రెండు వైపులా సమానంగా కలుపుతారు. తేడా సున్నా, కాబట్టి గొంతు సున్నా.

దీన్ని రూఢి చేసుకోవడానికి ఘంటసాల కాలపు పాట ఒకటి పెట్టండి. స్టీరియోగా మార్చినది కాకుండా అసలు మోనో రికార్డింగే అయివుండాలి. అందులో రెండు వైపులా ఉన్నది ఒకటే శబ్దం. గ్రౌండ్ పోయిన హెడ్‌ఫోన్‌లో ఆ పాట దాదాపు మొత్తం మాయమవుతుంది. అలా జరిగితే లోపం ఎక్కడుందో ఇక సందేహమే లేదు. ముందు పిన్నును టక్కుమని శబ్దం వచ్చేదాకా లోపలికి నొక్కండి. ల్యాప్‌టాప్‌కో ఫోన్‌కో వేసిన కవర్ మందంగా ఉండి అడ్డుపడుతోందేమో చూడండి. జాక్ రంధ్రంలో దూది పీచు చేరి గట్టిపడటం కూడా మామూలే. మెషీన్ ఆపి చెక్క టూత్‌పిక్‌తో నెమ్మదిగా తీయండి, గుండుసూది మాత్రం వద్దు. అన్నీ సరిగ్గా ఉండి, మైకున్న పాత ఇయర్‌ఫోన్‌లో ఇలా వస్తుంటే ఇంకో సంగతి చూడాలి. నాలుగు పట్టీల పిన్నుల్లో గ్రౌండ్, మైకు స్థానాలు తారుమారుగా ఉండే రెండు ప్రమాణాలు ఒకప్పుడు నడిచాయి. పాత ప్రమాణానికి చేసిన ఇయర్‌ఫోన్ ఇప్పటి ల్యాప్‌టాప్‌తో కుదరదు. దాన్ని సరిచేసే చిన్న అడాప్టర్లు దొరుకుతాయి.

మిగతా లోపాలకూ వాటి వాటి గుర్తులున్నాయి. శబ్దం పెద్దదయిన చోటల్లా బరబరమని చీలుతూ, చిన్నగా ఉన్నప్పుడు శుభ్రంగా వస్తోందంటే హద్దు దాటి పెంచుతున్నారన్నమాట. డిజిటల్ శబ్దానికి ఒక పైకప్పు ఉంటుంది. దాన్ని దాటిన తరంగం తల తెగి, పాటలో లేని కొత్త శబ్దాలు పుడతాయి. విఎల్‌సిలో వాల్యూమ్ 100 దాటించడం, బాస్ బూస్ట్, ఈక్వలైజర్, విండోస్‌లోని ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ కలిసి చేసే పని ఇది. అన్నీ ఆపేసి వినండి. ఆపాక కూడా ఒకే ఒక్క పాట చీలుతుంటే లోపం ఆ ఫైలులోనే ఉంది, ఏ హెడ్‌ఫోనూ బాగుచేయలేదు.

అప్పుడప్పుడూ చిట్‌పట్‌మంటూ ముక్కలుగా తెగితే, కంప్యూటర్ శబ్దాన్ని వేళకు అందించలేకపోతోందని అర్థం. విండోస్ సాధారణంగా 10 మిల్లీసెకన్లకు సరిపడా శబ్దాన్ని ఒక్కో విడతగా పంపుతుంది. వైఫై డ్రైవరో గ్రాఫిక్స్ డ్రైవరో ప్రాసెసర్‌ను ఆ కాస్తసేపు పట్టుకుంటే విడత తప్పుతుంది. ల్యాటెన్సీమాన్ అనే ప్రోగ్రామ్ నడిపితే ఆ డ్రైవర్ పేరు పట్టిస్తుంది. ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచి దాని కొత్త డ్రైవర్ వేసుకోవాలి. బ్లూటూత్‌లో తెగుతుంటే మాత్రం చుట్టుపక్కల చూడండి. బ్లూటూత్, చాలా వైఫై రూటర్లు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తాయి. యూఎస్‌బీ 3 హార్డ్‌డిస్కు, దాని వైరు కూడా అదే చోట రొద పుట్టిస్తాయని ఇంటెల్ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. డిస్కును కాస్త దూరం జరపండి.

ఎడతెగని గుయ్ మనే హోరు వస్తే చార్జర్ తీసి బ్యాటరీ మీద నడపండి. హోరు ఆగిందా, దోషం కరెంటు దారిలో ఉంది. ల్యాప్‌టాప్ లోహపు ఒంటిని తాకితే జిల్లుమంటోందంటే మరీ అనుమానించాలి. మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల కన్వర్టర్ తగిలించి ఎర్తింగ్ లేకుండా చేసుకున్న ఇళ్ళు మన ఊళ్ళలో లెక్కలేనన్ని. ఎండాకాలం నీళ్ళు పోయక ఎర్త్ గుంత ఎండిపోయిన ఇళ్ళూ ఉన్నాయి. ఇది పాట వినే సుఖానికి మించిన విషయం, ప్రాణాలకు సంబంధించింది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి చూపించండి.

వెతికేటప్పుడు ఒకసారికి ఒక్కటే మార్చండి. అదే హెడ్‌ఫోన్‌ను ఫోన్‌కి పెట్టండి, అదే కంప్యూటర్‌కి వేరే హెడ్‌ఫోన్ పెట్టండి. ఈ రెండు పరీక్షలతో దోషం ఏ వైపుందో తేలిపోతుంది. నాలుగు సెట్టింగులు ఒకేసారి మారిస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, రేపు మళ్ళీ వస్తే మొదటికే రావాలి. కంప్యూటర్ జాకే పోయిందని తేలితే మదర్‌బోర్డు దాకా వెళ్ళక్కర్లేదు. కొన్ని వందల రూపాయలకు వచ్చే యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్ ఆ పని చేస్తుంది.

నిజంగా హెడ్‌ఫోనే పాడైతే ఎక్కువగా తెగేది పిన్ను మొదట్లో వైరే. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో కొత్త పిన్ను దొరుకుతుంది, సోల్డరింగ్ తెలిసిన మెకానిక్‌కి అది పది నిమిషాల పని. పిన్ను మార్చగల మెకానిక్‌లు చాలా ఊళ్ళలో ఉన్నారు. పని దొరక్క వాళ్ళూ ఆ పని వదిలేస్తున్నారు. ఈసారి హెడ్‌ఫోన్ కొనేటప్పుడు వైరు ఊడదీసి మార్చుకునే వీలున్నదే ఇవ్వమని దుకాణంలో అడగండి. పాతది సొరుగులో ఉంటే ఈ ఆదివారం తీసి, ఫోన్‌కి ఒకసారి పెట్టి వినండి.