85 డిగ్రీల వైరు, 70 డిగ్రీల స్క్రూ

తిరుపతి, చిత్తూరుల్లో ఇల్లో లాడ్జీయో కట్టేవాళ్ళకు ఒక సలహా ధారాళంగా దొరుకుతోంది: "ఇది 85 డిగ్రీల హెచ్ఆర్ వైరు, వేడికి తట్టుకుంటుంది. గీజరుకు రెండున్నర దేనికి, ఒకటిన్నర చాలు."

చాలదు. 85 అనేది పైతొడుగు ఓర్చుకునే వేడి. ఆ అంకె చూసి లోపలి రాగి లావెక్కదు. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగితో పోలిస్తే ఒకటిన్నర రాగికి నిరోధం 60 శాతం పైగా ఎక్కువ, అదే కరెంటుకు పుట్టే వేడీ అంతే ఎక్కువ. 85 వైరుకు పట్టికలు ఎక్కువ యాంపులు ఇస్తాయన్న మాట నిజమే. కానీ ఆ అదనపు యాంపులు రాగిని 85 దాకా కాగనిస్తేనే వచ్చేవి. ఆ రాగి చివర బిగించే సాకెట్, స్విచ్చు, ఎంసీబీ స్క్రూలు సాధారణంగా 70 డిగ్రీల వైరును ఉద్దేశించి చేసినవి. గీజరు సాకెట్ గోధుమరంగుకు తిరిగి కమురు వాసన కొట్టేది అక్కడే. అందుకే ఏ వైరు కొన్నా లెక్క 70కే వేయాలి.

వేసి చూద్దాం. గోడలోని పైపులో, చుట్టూ 30 డిగ్రీలుంటే, అంతర్జాతీయ పట్టిక ప్రకారం 70 డిగ్రీల ఒకటిన్నర పీవీసీ వైరుకు 17.5 యాంపులు. మే నెలలో తిరుపతిలో నీడలోనే 40 దాటుతుంది, ఇక ఎండకు కాగిన స్లాబు సంగతి చెప్పాలా? 45 అనుకుంటే 0.79తో గుణించాలి. ఒకే పైపులో మూడు సర్క్యూట్లు తోస్తే మళ్ళీ 0.7. మిగిలేది 9.7 యాంపులు. 3 కిలోవాట్ల గీజరు లాగేది 13. రెండున్నర వైరే ఇదే లెక్కలో 24 నుంచి 13.3కు దిగి అంచున నిలుస్తుంది. గీజరుకు విడిగా పైపు వేయమని నేను పట్టుబట్టేది ఇందుకే.

వేసవిలో గీజరు ఎవరు వేస్తారని అడగొద్దు. దర్శనానికి బయల్దేరే యాత్రికులు తెల్లవారుజామున అన్ని గదుల్లోనూ వేస్తారు, ఏసీలు ఆపకుండానే. స్లాబు అప్పటికింకా చల్లారదు.

హెచ్ఆర్ వైరు కొనండి, మంచిదే. అది కాగిన స్లాబులో తొడుగుకు దొరికే ఊపిరి, సైజు తగ్గించుకునే అనుమతి కాదు. తగ్గించాక ఎంసీబీ ట్రిప్పవుతుంటే, 16 యాంపులది తీసి 25ది పెట్టేవాళ్ళను చూశాను. పది యాంపులైనా మోయలేని వైరుకు 25 కాపలా. ఆ వైరు గోడలో కాగిపోతున్నా ఆ ఎంసీబీ పడదు.