పాత ప్రోగ్రామ్‌... కొత్త కాపురం!

పెళ్లిళ్ల సీజన్‌లో శుభలేఖలు కొట్టించడానికి డీటీపీ సెంటర్‌కి వెళ్తే, ఓ మూలన పాత కంప్యూటర్‌ కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. అందులో విండోస్‌ ఎక్స్‌పీ, దానిమీద పేజ్‌మేకర్‌, తెలుగుకి అను ఫాంట్లు. ఎక్స్‌పీ వచ్చింది 2001లో. పేజ్‌మేకర్‌ చివరి వెర్షన్‌ 7.0 కూడా ఆ ఏడాదే వచ్చింది. ఆ డొక్కుని ఇంకా ఎందుకు ఉంచారంటే కారణం పిసినారితనం కాదు. ఏళ్లతరబడి చేసిన పనంతా అందులోనే ఉంది. కొత్త కంప్యూటర్‌ కొంటే అది తెరుచుకోదేమోనని భయం! ఫాక్స్‌ప్రోలో ఖాతాలు రాయించుకున్న హోల్‌సేల్‌ కొట్టువాళ్లదీ అదే బెంగ.

నిజానికి ప్రోగ్రామ్‌ ముసలిదైపోయి మొరాయించదు. అందులో ఒక్క అక్షరం కూడా మారదు. కింద ఉన్న విండోస్‌ మారిపోతుంది, అంతే. ఎక్కడ మారిందో తెలిస్తే సగం తంటా తీరినట్టే.

అన్నిటికంటే పెద్ద తంటా బిట్లతో వస్తుంది. డాస్‌, విండోస్‌ 3.1 రోజుల ప్రోగ్రాములు 16 బిట్‌వి. 32 బిట్‌ విండోస్‌లో వాటికోసం లోపలే ఓ చిన్న డాస్‌ ఏర్పాటు ఉండేది. 64 బిట్‌ విండోస్‌లో అది లేదు. 2021లో వచ్చిన విండోస్‌ 11 అయితే 64 బిట్‌లోనే దొరుకుతుంది. కాబట్టి 16 బిట్‌ ప్రోగ్రామ్‌ మీద రైట్‌క్లిక్‌ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటబిలిటీ కింద 'విండోస్‌ 95', 'ఎక్స్‌పీ' అంటూ ఎన్ని టిక్కులు పెట్టినా ఫలితం ఉండదు. ఇందులో ఓ తిరకాసు కూడా ఉంది. కొన్ని ప్రోగ్రాములు 32 బిట్‌వే అయినా, వాటిని ఎక్కించే సెటప్‌ ఫైలు మాత్రం 16 బిట్‌ది. సీడీ పెట్టగానే కుదరదని చెప్పేది ఆ సెటప్పే! అలాంటప్పుడు పాత కంప్యూటర్‌లోని ఆ ప్రోగ్రామ్‌ ఫోల్డర్‌ని మొత్తంగా కాపీచేసి తెచ్చుకుంటే ఒక్కోసారి పనైపోతుంది.

మరి అసలైన డాస్‌ ప్రోగ్రాములకి దారేదీ? డాస్‌బాక్స్‌ ఉంది... ఉచితం. ఇంజినీరింగ్‌ చదివినవాళ్లకి టర్బో సీ నీలం తెర గుర్తుండే ఉంటుంది. విస్టా, విండోస్‌ 7 వచ్చాక ఆ తెరని పూర్తిగా పెద్దది చేయబోతే 'ఫుల్‌స్క్రీన్‌ కుదరదు' అని సందేశం వచ్చేది. డాస్‌బాక్స్‌లో ఆ ఇబ్బంది లేదు. ఇంకో చిత్రం... టర్బో పాస్కల్‌లో రాసిన కొన్ని ప్రోగ్రాములు మొదలవగానే కంప్యూటర్‌ వేగాన్ని లెక్కగట్టేవి. 1990ల చివర్లో పెంటియమ్‌లు జోరందుకోగానే ఆ అంకె దానికి కేటాయించిన చోట పట్టక 'రన్‌టైమ్‌ ఎర్రర్‌ 200' అంటూ ఆగిపోయేవి. అంటే కంప్యూటర్‌ మరీ చురుగ్గా ఉండటమే నేరమన్నమాట! డాస్‌బాక్స్‌లో కంట్రోల్‌, ఎఫ్‌11 కలిపి నొక్కుతూ పోతే వేగం తగ్గుతుంది. కాకపోతే డాస్‌బాక్స్‌ని తయారుచేసింది ఆటల కోసం. బిల్లులు ప్రింట్‌ చేయాల్సినవాళ్లు దాని తమ్ముడులాంటి డాస్‌బాక్స్‌-ఎక్స్‌ని చూడటం మేలు.

ఇక వింతగా కనిపించే ఫిర్యాదు ఒకటుంది. 'నేను రాసిన పద్దులు మా తమ్ముడు లాగిన్‌ అయితే కనిపించడం లేదు' అని. దయ్యమేం కాదు! పాత ప్రోగ్రాములకి తమ ఫోల్డర్‌లోనే డేటా రాసుకునే అలవాటు. విస్టా నుంచి 'ప్రోగ్రామ్‌ ఫైల్స్‌'లో అలా రాయడానికి విండోస్‌ ఒప్పుకోదు. అలాగని గొడవ పెట్టుకోదు కూడా. చప్పుడు చేయకుండా ఆ డేటాని ఆ యూజర్‌కి చెందిన 'వర్చువల్‌స్టోర్‌' అనే ఫోల్డర్‌లోకి మళ్లిస్తుంది. ఒక్కో యూజర్‌కి ఒక్కో పద్దుల పుస్తకం అన్నట్టు! పాత ప్రోగ్రామ్‌ని సీ డ్రైవ్‌లో విడిగా ఓ ఫోల్డర్‌ పెట్టి అందులో ఎక్కిస్తే ఈ చిక్కు రాదు.

ఇవేవీ కుదరకపోతే వర్చువల్‌బాక్స్‌ వేసుకుని, కొత్త కంప్యూటర్‌లోనే ఒక కిటికీలో ఎక్స్‌పీని ఎక్కించుకోవచ్చు. ఒరిజినల్‌ సీడీ, దాని కీ ఉండాలి. ఆ ఎక్స్‌పీకి గానీ, మూలనున్న పాత కంప్యూటర్‌కి గానీ ఇంటర్నెట్‌ మాత్రం ఇవ్వకండి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్‌ మద్దతు 2014 ఏప్రిల్‌ 8తో ఆగిపోయింది. 2017 మేలో వాన్నాక్రై దాడి చేసినప్పుడు ఆంధ్రప్రదేశ్‌ పోలీసుల కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అప్పుడు ఎక్స్‌పీకి సైతం మైక్రోసాఫ్ట్‌ ప్రత్యేకంగా మందు పంపాల్సి వచ్చింది. ప్రతిసారీ పంపుతుందన్న హామీ లేదు.

ఈ హడావుడిలో చాలామంది ప్రోగ్రామ్‌ గురించే ఆలోచిస్తారు. నా లెక్క ప్రకారం ముందు కాపాడుకోవాల్సింది ఫైళ్లని. పాత హార్డ్‌డిస్క్‌ కిర్రుమంటూ ఒకరోజు ఆగిపోయిందంటే ఏ డాస్‌బాక్సూ ఆదుకోదు. పాత కంప్యూటర్‌ పనిచేస్తున్నప్పుడే ఫాక్స్‌ప్రో డీబీఎఫ్‌ ఫైళ్లని ఎక్సెల్‌లో తెరిచి దాచుకోండి. పేజ్‌మేకర్‌ పేజీలకి పీడీఎఫ్‌ కాపీలు తీసుకోండి. తెలుగు టైపు చేసినవాళ్లకి మరో జాగ్రత్త... పాత ఫాంట్లలో ఉన్నవి నిజానికి తెలుగు అక్షరాలు కావు. ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెట్టారు. అందుకే ఆ మ్యాటర్‌ని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్చాక ఒత్తులు, గుణింతాలు ఒకసారి కళ్లతో సరిచూసుకోవాల్సిందే.

పెన్‌డ్రైవ్‌లోకి ఫైళ్లు ఎక్కించేటప్పుడు ఆ ఫాంట్లని కూడా కాపీ చేసుకోండి. అవి లేని కంప్యూటర్‌లో తెరిస్తే 'శ్రీరస్తు శుభమస్తు' ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలూ, డాలర్‌ గుర్తులూ గజిబిజిగా దర్శనమిస్తాయి.