ఊళ్లో అమ్మాబాపులకు కంప్యూటర్: పైసలు ఎక్కడ పెట్టాలె, ఎక్కడ పెట్టొద్దు

పోస్టు కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

దండారికి ఇంటికి పోయే రోజులు దగ్గర పడ్డయంటే మనోళ్లలో ఒక ప్రశ్న తప్పకుండా వస్తది. "ఊళ్లో అమ్మాబాపులకు తక్కువలో ఒక కంప్యూటర్ పెట్టిద్దామనుకుంటున్నం, ఏ ప్రాసెసర్ మంచిది?" జవాబులన్నీ ప్రాసెసర్ మీదనే ఉంటయి. హైదరాబాద్‌లో చదువుకుంటూ మా ఇండ్లకు, చుట్టాల ఇండ్లకు కంప్యూటర్లు కూర్చి పంపుతున్న కొందరం కలిసి ఇది రాస్తున్నం. మా మాట ఒక్కటే: ఏజెన్సీ ఊళ్లో కంప్యూటర్‌ను మూలకు పడేసేది చాలావరకు కరెంటే. కాబట్టి మొదటి పైసలు కరెంటు నుంచి కాపాడే వాటి మీద పెట్టాలె, ప్రాసెసర్ సంగతి తర్వాత.

ఇంట్లో పని ఏముంటదో లెక్కేసుకోండి. పట్టా భూమి వివరాలు భూభారతిలో చూసుకోవడం, చెల్లె స్కాలర్‌షిప్ దరఖాస్తు ఈపాస్‌లో నింపడం, కాగితాలు దాచుకోవడం, మనతో వీడియో కాల్, ఇంత తీరిక దొరికితే ఒక సినిమా. దీనికి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. సాదా ఐ3 సరిపోతది. కానీ షాపులో ఒకటి చూసుకోండి: ఇంటెల్ ప్రాసెసర్ నంబరు చివర 'ఎఫ్' ఉంటే అందులో బొమ్మ చూపించే గ్రాఫిక్స్ ఉండదు. ధర తక్కువని తీసుకుంటే తర్వాత కార్డు వేరే కొనాలె.

ఇక వరుసగా చెప్తం. అన్నిటికన్నా ముందు యూపీఎస్. వానాకాలం మన దిక్కు కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తదో, వోల్టేజీ ఎట్ల ఎక్కి దిగుతదో మీకు మేం చెప్పక్కర్లేదు. గ్రాఫిక్స్ కార్డు లేని చిన్న కంప్యూటర్ పెద్దగా కరెంటు తాగదు, 600 వీఏ యూపీఎస్ ఉంటే పని దాచుకుని నెమ్మదిగా ఆపేంత టైం దొరుకుతది. రెండు మూడేండ్లకు లోపలి బ్యాటరీ మార్చాల్సి వస్తది, ఆ ఖర్చు ఇప్పుడే మనసులో పెట్టుకోండి. ఇంట్లో మంచి ఇన్వర్టర్ ఉంటే మాత్రం దీని పైసలు మిగుల్చుకోవచ్చు. పిడుగుల టైంలో ఏది ఉన్నా ప్లగ్గు పీకేయాల్సిందే. ఇది ఇంట్లో అందరికీ చెప్పండి.

రెండోది ఎస్‌ఎమ్‌పీఎస్. క్యాబినెట్‌తో పాటు 'ఫ్రీ' అని ఇచ్చే పేరులేని డబ్బాను నమ్మొద్దు. అది కాలితే మదర్‌బోర్డును కూడా తీసుకుని పోవచ్చు. పేరున్న కంపెనీది, చిన్న వాటేజీది చాలు.

మూడోది ఎస్‌ఎస్‌డీ. 256 జీబీ అయినా సరే, హార్డ్ డిస్క్ బదులు ఇదే పెట్టండి. పాత మిషన్‌కు ఇది ఒక్కటి మార్చినా నిమిషాల తరబడి తెరుచుకునేది సెకన్లలో తెరుచుకుంటది. బటన్ నొక్కి ఎదురుచూసీ చూసీ విసుగొస్తే అమ్మ రెండోసారి దాని దిక్కు చూడదు. ర్యామ్ 8 జీబీ ఒకటే ముక్కగా తీసుకుంటే రెండో స్లాట్ రేపటికి ఖాళీగా ఉంటది.

కొత్తదే కొనాలని లేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ దిక్కు ఆఫీసులు వాడి వదిలేసిన డెస్క్‌టాపులు దొరుకుతయి. గట్టి మిషన్లే. కానీ విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో దాదాపుగా 8వ జనరేషన్, ఆపైనే కావాలె. అంతకన్నా పాతది చౌకగా దొరికితే లైనక్స్ మింట్ వేయండి, పైసా ఖర్చు లేదు. బ్రౌజర్, వీడియో, తెలుగు టైపింగు అన్నీ అందులో నడుస్తయి. పాత మిషన్ తెచ్చిన రోజే మదర్‌బోర్డు మీద గుండీ లెక్క ఉండే సీఆర్2032 బ్యాటరీ మార్చండి. అది చచ్చిపోతే తారీఖు వెనక్కి పోతది, వెబ్‌సైట్లు తెరుచుకోవు, ఇంట్లోవాళ్లు నెట్టే పోయిందనుకుంటరు. ఊరికి కేబుల్ నెట్ రాకపోయినా ఫోన్‌ను యూఎస్‌బీ వైరుతో కలిపి నెట్ వాడుకోవచ్చు.

"ఫోన్ ఉంది కదా, ఇదంతా ఎందుకు?" అంటరు కొందరు. ఫోన్‌లో చూడొచ్చు, మాట్లాడొచ్చు. కానీ నాలుగు పేజీల దరఖాస్తు నింపాలన్నా, పహాణీలో చిన్న అక్షరాలు చదవాలన్నా బాపు కండ్లకు పెద్ద తెర కావాలె. "సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ దాంట్లోనే ఉంటది కదా" అనేది మాత్రం న్యాయమైన మాటే. బ్యాటరీ బాగున్నది దొరికితే తీసుకోండి. అయితే డెస్క్‌టాప్‌లో ఏ ముక్క పోతే ఆ ముక్కే బస్సులో తెచ్చి మార్చుకోవచ్చు, మిషన్ మొత్తం పట్నానికి మోయక్కర్లేదు.

అసలు సంగతి ఇది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(4) ప్రకారం భూమి హక్కు భార్యాభర్తలిద్దరి పేరు మీద నమోదు కావాలె. అది పిల్లలకు వారసత్వంగా వస్తది, అమ్మడానికి వీల్లేదు. అంత విలువైన కాగితం ఎన్నో ఇండ్లల్లో ట్రంకుపెట్టెలో చెదలకు దగ్గరగా ఉంది. ఒక కాపీ కావాలంటే ఎవరో ఒకరిని బతిమాలాలె, వాళ్లు అడిగినంత ఇవ్వాలె. మీసేవకు పోవాల్సిన పనులు ఎట్లాగూ ఉంటయి, వేలిముద్ర పెట్టాల్సినవి ఉంటయి. కానీ మన కాగితం మన ఇంట్లోనే తెరుచుకుని చూసుకోవడానికి ఎవరినీ అడిగే అవసరం ఉండొద్దు.

అందుకే మిషన్ పెట్టి వచ్చేయడంతో మన పని అయిపోదు. పాస్‌వర్డు అమ్మకు, బాపుకు ఇద్దరికీ తెలవాలె. తెర మీద 'భూమి కాగితాలు' అని తెలుగులో ఒక ఫోల్డర్ పెట్టండి, స్కాన్లు పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ ఉంచండి. అసలు కాగితం మాత్రం జాగ్రత్తగానే ఉండాలె, స్కాన్ దానికి బదులు కాదు. కీబోర్డుకు తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించండి. మన నార్నూర్ మండలం గుంజాల ఊళ్లో దొరికిన గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది, దాని ఫాంటు కూడా ఉచితంగా దొరుకుతది. అది కూడా వేసి, పెద్దలకు మన అక్షరాలు తెర మీద ఒకసారి చూపించండి.

ఈసారి దండారికి పోయినప్పుడు ఇంట్లో కనీసం రెండు రోజులు మౌస్ ముట్టకుండా పక్కన కూర్చోండి. వాళ్ల చేతులతో వాళ్లనే తెరవనీయండి. ఎవరికైనా ముక్కలు ఎంచుకోవడంలో సాయం కావాలంటే బడ్జెట్ ఎంతో, ఊళ్లో కరెంటు, సిగ్నల్ ఎట్ల ఉంటయో రాయండి, కలిసి చూద్దాం. జై సేవా.