పందికి పెట్టిన తీగ కూలోణ్ణి చంపుతోంది

మక్క కంకి పాలు పట్టిందంటే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల చిన్నరైతుకు కంటిమీద కునుకుండదు. చీకటిపడగానే అడవిపందుల మంద చేన్లో దిగుతుంది. తినేది కొంత, తొక్కేది అంతకు మించి. మంచెమీద డబ్బా కొట్టి కొట్టి అలసిపోయిన రైతు చివరికి చేను చుట్టూ బైండింగు తీగ కట్టి కరెంటు తగిలిస్తున్నాడు. మాంసం కోసం వేటగాళ్లూ అదే పని చేస్తున్నారు.

ఆ తీగకు పందెవరో మనిషెవరో తెల్వదు. తెల్లారకముందే మోటరు పెట్టబోయే జీతగాడు, గొర్లకాపరి, ఆకుకోతకు పోయే ఆడకూలీ - ఎవరి కాలు తగిలినా ప్రాణం అక్కడే పోతుంది. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా కాటారం మండలం అడవిలో గాలింపుకు పోయిన పోలీసు జవాను ఒకరు జంతువులకు పెట్టిన కరెంటు తీగ తగిలి చనిపోయాడు. జవాను గనుక పత్రికలకెక్కింది. కూలోడు చస్తే ఆ ఇంటి ఏడుపు ఊరు దాటదు.

పందులు చేన్లకెందుకొస్తున్నాయి? పాకాల, ఏటూరునాగారం అడవులను 1950ల తొలినాళ్లలోనే అభయారణ్యాలన్నారు. కానీ భూపాలపల్లిలో ఓపెన్‌కాస్టు గనులు నేలను తవ్వేశాయి. మహబూబాబాద్ వైపు గుట్టలను గ్రానైటు క్వారీలు కోశాయి. జనగామలో మిగిలినవి బోడిగుట్టలు, సర్కారుతుమ్మ పొదలు. పందిని తినే పులి అరుదైపోయింది. పందేమో ఒక్క ఈతలో నాలుగైదు పిల్లల్ని పెడుతుంది. పోడువల్ల అడవి తరగలేదని మేమనడం లేదు. కానీ నెపమంతా పోడుగొట్టే గిరిజనుడి మీద నెట్టి, గనికీ క్వారీకీ అనుమతులిచ్చే న్యాయం ఎక్కడిది?

మన కార్యకర్తలు నిష్ఠూరమైనా ఒక మాట ఊరూరా చెప్పాలి. కరెంటు తీగ పెట్టడం తప్పు. 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. అంతకన్నా ముఖ్యం, ఆసామి తీగ పెడితే చచ్చేది మనోళ్లే.

మరి పంట పోతే ఎట్లా అంటారు. న్యాయమైన ప్రశ్నే. సోలారు కంచె ఉంది. అందులో కరెంటు ఆగి ఆగి, రెప్పపాటుకన్నా తక్కువసేపు వస్తుంది. ఝల్లుమని పంది వెనక్కి తిరుగుతుంది, చావదు. లైనునుంచి గుంజిన కరెంటు ఆగదు, అందుకే చంపుతుంది. కానీ సోలారు కంచెకు పెట్టుబడి కావాలి. అది కౌలురైతు దగ్గరెక్కడిది? పంట నష్టపరిహారమడిగితే పట్టా చూపమంటారు. 2011లో కౌలుదార్ల గుర్తింపు చట్టం వచ్చినా చాలామంది చేతికి కార్డు రాలేదు.

అందుచేత అడవి అంచు గ్రామాల్లో చేన్లన్నిటికీ కలిపి ప్రభుత్వమే సోలారు కంచె వేయాలి. పందులు మేసిన పంటకు పరిహారం సాగుచేసినవాడికే ఇవ్వాలి. తీగకు బలైన కూలీ కుటుంబాన్ని ఆదుకోవాలి. అడవినీ జంతువులనూ కాపాడే అధికారం 2006 అటవీహక్కుల చట్టం గ్రామసభకిచ్చింది. దాన్ని అమలుచేయాలి, గనికీ క్వారీకీ ముందు గ్రామసభను అడగాలి.

అడవి బతికితే పంది అడవిలో ఉంటుంది. కూలోడు పొద్దుగూకేసరికి ఇంటికి చేరతాడు. ఈ రెంటినీ వేరువేరు పోరాటాలుగా చూడకండి.