కొత్త చేయడం కూడా ఎదుగుదలే

"ఎంత మంచి పిల్లనో చూడు బిడ్డా! ఎవరు పిలిచినా చేతులు చాపుతది. కొత్త అన్నదే లేదు" అని మా కింది అంతస్తు పెద్దమ్మ మురిసిపోతూ చెప్పింది. మేముండేది దిల్‌సుఖ్‌నగర్‌లో. ఆమె కొడుకూ కోడలూ అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్నారు. పెళ్లయి పదేళ్లు దాటింది. ఆస్పత్రుల చుట్టూ తిరిగి అలసిపోయి, చివరికి దత్తతకు పేరు నమోదు చేసుకున్నారు. చాలాకాలం ఎదురుచూశాక మన రాష్ట్రంలోనే ఒక శిశుగృహంలో పెరుగుతున్న ఇరవై నెలల పాప వాళ్లకు దక్కింది. నిరభ్యంతర పత్రం వచ్చింది గానీ కలెక్టరు ఉత్తర్వు, పాస్‌పోర్టు, వీసా అన్నీ పూర్తయ్యేసరికి నెలలు పట్టింది. కొడుకు సెలవు అయిపోయి వెళ్లిపోయాడు. కోడలు జీతం లేని సెలవు పెట్టి, పాపతో అత్తగారింట్లో ఉండిపోయింది. అలా దాదాపు నాలుగు నెలలు ఆ తల్లీబిడ్డల్ని దగ్గరగా చూసే అవకాశం నాకు కలిగింది.

మొదటి రోజుల్లో పాప నిజంగానే ఎవరి దగ్గరికైనా వెళ్లేది. వాచ్‌మన్ చంకెక్కేది, కూరగాయలమ్మే ఆమె వెంట మెట్లు దిగిపోయేది. కింద పడితే ఏడ్చేది కాదు. లేచి, దుమ్ము కూడా దులుపుకోకుండా నడిచి వెళ్లిపోయేది. ఎంత పెట్టినా తినేది. వాంతి అయ్యేదాకా తినేది. నిద్రలో కూడా గుప్పిట్లో బిస్కెట్ ముక్క ఉండాల్సిందే. రాత్రిపూట జోకొట్టబోతే ఒప్పుకునేది కాదు. తనంతట తనే అటూ ఇటూ ఊగుతూ నిద్రపోయేది.

చుట్టుపక్కల వాళ్లంతా "పేచీ పెట్టని పిల్ల" అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు గుండె కలుక్కుమనేది. ఏడిస్తే ఎవరైనా వస్తారన్న నమ్మకం ఉంటేనే పసిపిల్ల ఏడుస్తుంది. అందరి దగ్గరికీ వెళ్తోందంటే తనకంటూ ఒక మనిషి లేదని అర్థం. ఒక ఆయా పది పన్నెండు మందిని చూసుకునేచోట, మూడు షిఫ్టుల్లో మనుషులు మారేచోట పెరిగిన పిల్లకు నవ్వుతూ చేతులు చాపడం బతుకుతెరువు. అది కలుపుగోలుతనం కాదు. అందుకు ఆ ఆయాల్ని నిందించి లాభం లేదు. వాళ్లూ చాలీచాలని జీతాలకు పనిచేసే మన ఆడవాళ్లే.

ఆరు వారాలు గడిచాక పెద్దమ్మ దిగులుగా పైకి వచ్చింది. "పిల్ల చెడిపోయింది బిడ్డా. తల్లిని బాత్రూంకు కూడా పోనిస్తలేదు. నేనెత్తుకుంటే గుక్కపట్టి ఏడుస్తది. కొత్త చేస్తున్నది. గారాబం ఎక్కువైంది" అంది. నేను సంతోషం పట్టలేక ఆమె చేతులు పట్టుకున్నాను. కొత్తవాళ్లను చూసి ముఖం దాచుకోవడం, తల్లి కొంగు వదలకపోవడం మామూలుగా ఏడెనిమిది నెలల బిడ్డ చేసే పని. ఈ పాప దాన్ని రెండేళ్ల వయసులో చేస్తోంది. వెనక్కి వెళ్లి, తప్పిపోయిన మెట్టు ఎక్కి వస్తోంది. కొన్నాళ్లకు వరండాలో పడినప్పుడు ముందు చుట్టూ చూసింది. తల్లి కనిపించాక ఏడ్చింది. పాప ఎదుగుదలలో నేను చూసిన అతి పెద్ద అడుగు అదే. బరువు చూసే యంత్రం దాన్ని చూపించలేదు.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం కాదు. రుమేనియాలో 1989 తర్వాత ప్రభుత్వ అనాథాశ్రమాలు బయటి ప్రపంచానికి తెలిశాయి. అక్కడి పిల్లలు 136 మందిపై 2000లో బుకారెస్ట్‌లో మొదలైన అధ్యయనం ఏళ్ల తరబడి సాగింది. ఆశ్రమం నుంచి పెంపుడు కుటుంబాల్లోకి, ముఖ్యంగా రెండేళ్లలోపే, వెళ్లిన పిల్లలు మనుషులతో అనుబంధం పెంచుకోవడంలో బాగా కోలుకున్నారని అది చూపించింది. అంటే ఒక్కో నెలకూ విలువ ఉంది. మన దగ్గర ఫైలు ఒక బల్ల మీద నెల రోజులు ఆగిందంటే, ఆ నెల పిల్ల బతుకులోంచే పోతుంది.

అలాగని ఆ నెలలన్నీ తగ్గించదగ్గవీ కావు. అప్పగించిన తల్లికి మనసు మార్చుకోవడానికి చట్టం 60 రోజులు ఇచ్చింది. దొరికిన బిడ్డ అయితే కన్నవాళ్ల కోసం వెతకడానికి గడువు పెట్టింది. ఆ గడువు ఉండి తీరాలి. కానీ అదే చట్టసభ 2017లో ప్రసూతి సెలవు చట్టాన్ని సవరించినప్పుడు, మూడు నెలల లోపు బిడ్డను తీసుకున్న తల్లికే 12 వారాల సెలవు అని రాసింది. రెండు నెలలు గడువుకే పోతే, మూడు నెలల లోపు బిడ్డ ఎవరి ఒడిలోకి వస్తుంది? తల్లితనమంటే పాలివ్వడం ఒక్కటే అనుకున్నవాళ్లు రాసిన షరతు అది. దాన్ని సవాలు చేయడానికి ఒక దత్తత తల్లి సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. ఇక తండ్రి సంగతి ఆ చట్టం ఎత్తలేదు. మా కింది ఇంట్లో కూడా ఉద్యోగం పక్కన పెట్టింది కోడలే. పాప సరిగా తినని రోజు మాటలు పడిందీ ఆమే. "కన్న పేగు కాదు కదా" అని చుట్టాలు అన్నది ఆమె చెవిన పడేలాగే. ప్రసవం లేకపోతే తల్లికి విశ్రాంతి అక్కర్లేదు, సాయం అక్కర్లేదు, సందేహించే హక్కు మాత్రం అందరికీ ఉంది!

విదేశాలకు వెళ్లిన పిల్ల గురించి మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి నివేదిక పంపాలి. మొత్తం ఆరు. ఆ కోడలు మొదటి నివేదిక నాకు చదివి వినిపించింది. ఎత్తు, బరువు, టీకాలు, ఇంగ్లీషులో ఎన్ని మాటలు వచ్చాయి అనే లెక్క. తెలుగు మాటల లెక్క లేదు. ఎవరిని చూసి ఏడుస్తుంది, ఎవరు ఊరుకోబెడితే ఊరుకుంటుంది అన్న ప్రశ్న లేదు. మొన్న ఫోన్‌లో నన్ను చూసి పాప తల్లి భుజం వెనక దాక్కుంది. పెద్దమ్మ నొచ్చుకుంది. నేను మాత్రం ఇదీ అసలైన నివేదిక అనుకున్నాను.

అయితే కథ ఇక్కడితో ఆపితే సగమే చెప్పినట్టు. పాప ఫైల్లో కన్నతల్లి గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం: ఫలానా తేదీన అప్పగించింది. ఎవరామె, ఎందుకు అప్పగించింది, ఇప్పుడెలా ఉంది? పెంచిన తల్లికి తెలియదు. రేపు పాప అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. ఆ ఒక్క వాక్యాన్ని ఎప్పుడు నమ్మాలో, ఎప్పుడు నమ్మకూడదో ఈ నగరానికి తెలిసినంతగా మరో నగరానికి తెలియదు.

మా ఇంటి నుంచి మెట్రోలో మూడో స్టేషన్ ఎల్.బి.నగర్. ఆ చౌరస్తా నుంచే సాగర్ రోడ్డు ఇబ్రహీంపట్నం, మాల్ మీదుగా మల్లేపల్లికీ, అక్కడినుంచి దేవరకొండ తండాలకూ పోతుంది. దేవరకొండ వంటి ప్రాంతాల తండాల్లో పుట్టిన లంబాడీ ఆడశిశువులు 1990ల చివర్లో హైదరాబాద్‌లోని దత్తత సంస్థలకు చేరారు. 1999లో ఒకసారి, 2001లో మరోసారి పోలీసులు అరెస్టులు చేశారు. మధ్యవర్తులు వందలకో వేలకో పిల్లల్ని తీసుకున్నారనీ, విదేశీ దంపతులు వేల డాలర్లు చెల్లించారనీ బయటపడింది. సంస్థల నుంచి తెచ్చిన పిల్లల్ని యూసుఫ్‌గూడలోని శిశువిహార్‌లో ఉంచారు. పేదరికం, పిల్లలు ఎక్కువమంది కావడం, ఆడపిల్ల కావడం అన్న కారణాలతో బిడ్డను అప్పగించడాన్ని 2001 ఏప్రిల్‌లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది.

అప్పుడు వేళ్లన్నీ తల్లుల వైపే చూపాయి. గీతా రామస్వామి, భంగ్యా భూక్యా ఆ తండాలపై చేసిన అధ్యయనం మాత్రం ఆ సమాజం మీద పడిన ముట్టడిని చూపించింది. భూములు, బతుకుతెరువులు పోయాయి. ఒకప్పుడు అమ్మాయికి ఓలి ఇచ్చి పెళ్లి చేసుకున్న లంబాడీల్లోకి వరకట్నం వచ్చింది. ఆడపిల్ల భారమైంది. ఆ భారాన్ని డబ్బుగా మార్చుకున్నవాళ్లు తండా బయటివాళ్లు.

దీని రెండో చివర ఏం జరిగిందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. అమెరికాలోని అలబామాలో న్యాయశాస్త్రం బోధించే డేవిడ్ స్మోలిన్, ఆయన భార్య 1998లో ఆంధ్రప్రదేశ్ నుంచి ఇద్దరు అక్కచెల్లెళ్లను దత్తత తీసుకున్నారు. తమను తల్లి వదులుకోలేదని పిల్లలే చెప్పారు. కన్నతల్లి ఆచూకీ దొరకడానికి ఏళ్లు పట్టింది. ఆ తర్వాత స్మోలిన్ రాసిన వ్యాసాల వల్లే 'చైల్డ్ లాండరింగ్' అన్న మాట ప్రపంచమంతా తెలిసింది. నల్లడబ్బును కాగితాల మీద తెల్లగా చేసినట్టే, ఎత్తుకొచ్చిన బిడ్డను కాగితాల మీద అనాథగా చేయడమని దానికి అర్థం. ఆ పిల్లలు మాట్లాడగలిగే వయసువాళ్లు కాబట్టి నిజం చెప్పారు. ఇరవై నెలల పిల్ల ఏం చెప్పగలదు?

ఇప్పుడు పరిస్థితి మారింది. మన దేశం 2003లో హేగ్ ఒప్పందాన్ని ఆమోదించింది. 2015 చట్టం తర్వాత నమోదు, కేటాయింపు కేంద్ర సంస్థ 'కారా' ద్వారా కంప్యూటర్ మీద జరుగుతున్నాయి. 2024-25లో జరిగిన 4,515 దత్తతల్లో 4,155 దేశంలోనే జరిగాయి. అయినా దొడ్డిదారి మూసుకుపోలేదు. 2024 మేలో మా నగరం తూర్పు కొసన మేడిపల్లిలో రాచకొండ పోలీసులు పసిపిల్లల్ని అమ్మే ముఠాను పట్టుకున్నారు. కొన్నవాళ్ల దగ్గరినుంచి పిల్లల్ని తీసుకెళ్తుంటే ఆ పెంపుడు తల్లులు ఏడ్చిన ఏడుపు టీవీల్లో అందరం చూశాం. ఆ ఏడుపు అబద్ధం కాదు. తల్లికి మాలిమి అయిన పిల్లల బెంగా అబద్ధం కాదు. కానీ ఎక్కడో ఇంకో తల్లి ఉంది. ఆమెను అడగకుండా మొదలైన బంధం ఎంత గాఢమైతే, తర్వాత తెగే గాయమూ అంత లోతైనది. ఆ శిక్ష అనుభవించేది తప్పు చేయని పిల్లే.

అందుకే నేను అనేది ఇది. దత్తత మంచిదా చెడ్డదా అన్న వాదన మనకు అక్కర్లేదు. బిడ్డ అనుబంధానికీ, కన్నతల్లి హక్కుకూ పోటీ పెట్టడం మానేయాలి. రెండో తల్లి ఒడి నిలవాలంటే మొదటి తల్లి విషయంలో నిజాయితీగా ఉండాలి.

ఇందుకు మన సంఘాలు చేయగలిగిన పనులు ఉన్నాయి. ఆ 60 రోజుల్లో తల్లి దగ్గరికి కాగితాలు పట్టుకొని కాదు, ఆమెకు కావలసింది పట్టుకొని వెళ్దాం. డబ్బా, వైద్యమా, మొగుడి దెబ్బలనుంచి రక్షణా, కనుక్కుందాం. అయినా ఆమె వద్దనుకుంటే ఆ నిర్ణయాన్నీ తప్పుపట్టకుండా రాసుకుందాం. శిశుగృహాల్లో ప్రతి బిడ్డకూ ఒక పుస్తకం పెట్టించుదాం. ఏ పేరుతో పిలిచారు, ఏ మాటకు నవ్వింది, లంబాడీ మాట విన్నదా, ఎవరు ముద్ద కలిపి పెట్టారు అన్నవి ఆయాల చేతే చెప్పించి రాయిద్దాం. దత్తత తీసుకున్న తల్లికీ తండ్రికీ బిడ్డ వయసుతో పనిలేకుండా జీతంతో సెలవు అందేలా చూద్దాం. ఎదుగుదల నివేదికలో బరువు పక్కనే "పడితే ఎవరి కోసం చూస్తుంది?" అన్న ప్రశ్న చేర్పిద్దాం. పెద్దయ్యాక తన మూలాలు వెతుక్కునే అవకాశం నిబంధనల్లో ఉంది. కన్నతల్లి గుట్టును కాపాడుతూనే, ఆ రోజుకు కాగితాలు చెదలు పట్టకుండా చూద్దాం.

మా పెద్దమ్మ మనవరాలు ఏదో ఒకరోజు తిరిగి వస్తుంది. నన్నెందుకు వదిలేసిందని అడుగుతుంది. ఆ రోజు ఆమె చేతిలో పెట్టడానికి ఒక్క వాక్యం కన్నా ఎక్కువ ఉండాలి. అది రాసిపెట్టాల్సింది ఇప్పుడు, మనమే.